బాపు ట్రాక్టర్ చప్పుడు

మాది ఉట్నూరు ఏజెన్సీలో చిన్న గూడెం. మొన్న దుక్కుల టైంలో మా రెండు సిలిండర్ల పాత మినీ ట్రాక్టర్ ఇంజిన్ లోపల ఠక్‌ఠక్ మొదలైంది. టౌన్ మెకానిక్ విని, "ఇంజిన్ పోయింది, అమ్ముకోండి" అన్నాడు. బేరగాడు కూడా వచ్చిండు. నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదువుతున్నా. "బాపూ, రెండు రోజులు ఆగు" అన్నా.

ముందు ట్యాపెట్ గ్యాప్ సరిచేశా. పైన టిక్‌టిక్ పోయింది, కింది ఠక్‌ఠక్ పోలేదు. పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కు, పిడి చెవికి ఆనించి విన్నా. చప్పుడు ఆయిల్ చాంబర్ వైపు నుంచి. ఇంజిన్ స్లోలో ఉంచి ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేశా. రెండోది వదలగానే చప్పుడు తగ్గింది. అంటే లోపం ఆ సిలిండర్‌లోనే. (అక్కడ చెయ్యి అడ్డం పెట్టొద్దు. ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూరుతుంది.)

చాంబర్ దించితే అడుగున మెరిసే రజను. బిగ్ ఎండ్ బేరింగ్ పైపొర అరిగి రాగి తేలింది. మైక్రోమీటర్‌తో కొలిస్తే క్రాంక్ పిన్ సైజులోనే ఉంది, గీతలు కూడా లేవు. లేకుంటే గ్రైండింగ్ చేయించి 0.25 ఎంఎం అండర్‌సైజ్ బేరింగులు వేయాల్సొచ్చేది. మడ్డితో మూసుకుపోయిన ఆయిల్ జాలీ కడిగి, కొత్త బేరింగులు వేసి, టార్క్ రెంచితో బిగించి, కొత్త ఆయిల్ పోశా. చప్పుడు ఆగింది.

"ఆయిల్ తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్న గదా" అన్నాడు బాపు. పోయడం వేరు, మార్చడం వేరు అని ఆయనకు చెప్పినోళ్లు లేరు. గంటల మీటరు చదవగలిగిన నేను సెలవులకు వచ్చినా ఒక్కసారి బానెట్ ఎత్తలేదు. ఆ తప్పు నాదే.

ఈసారి ఇంటికెళ్తే మీరూ డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మార్చిన తేదీ, గంటలు గోడ మీద రాసిపెట్టండి.