మొన లేని చాకు

డోర్నకల్ జంక్షన్ బయట కొట్టులో రెండు మడత చాకులు ముందు పెట్టుకుని నిలబడ్డాను. ఒకదాని అంచు వంపు తిరిగి సూదిమొన తేలింది. ఇంకోదాని అంచు తిన్నగ, వీపే కిందికి వంగి కొస మొద్దుగ ఉంది. మొనదే నచ్చింది.

చెప్పులు కుట్టే మా అయ్య లెక్క వేరే. "గొడ్డును ఒలువాలంటె వంపు గావాలె, మొన తగిలితె తోలుకు గాటు పడ్తది, గాటుపడ్డ తోలుకు ధర రాదు. వారు కోయాలంటె తిన్నటి అంచు, పీటకు నిండ ఆనుతది. పొడిచే పనికి ఆరె ఉన్నది గదా, చాకుకు మొనెందుకు బిడ్డా?"

పనిమాట ఒక్కటే కాదది. పదిహేడేండ్లప్పుడు నా జేబులో మొనచాకు దొరికితే రాత్రంతా కూసోబెట్టిన్రు. పక్కనే దొర కొడుకు నడుముకు నాదానికంటే పొడుగుది. అతన్ని "వేటకా?" అన్నరు. నన్ను "ఎవర్ని పొడువనీకిరా?" అన్నరు. 1912లో అజరయ్య మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయింది ఈ ఊరికే. మావాళ్లెందరో ఆ గుడిలో కొత్తపేర్లు పెట్టుకున్నరు. జేబులు తడిమేటోళ్లు మాత్రం పాతపేరే అడుగుతరు.

మొద్దుదే కొన్నాను.

"నాయినా, దీనికి మొన లేదేంది?" అన్నది బిడ్డ, పెన్సిల్ పట్టుకొచ్చి. చెప్పాలంటే ఆ రాత్రి చెప్పాలె. పెన్సిల్ నేనే చెక్కిచ్చిన.