దిండ్లు లెక్కింపుడు

మా ముసునూరిలో వేసవి వచ్చినదనగా ఇల్లంతయు మామిడికాయల వాసనయే. మా అత్తగారి ఆవకాయకై బంధువులు ముందుగనే కబురంపెడివారు. అట్టి జాడీని ఆమె కంచముచెంతనుండి నేనే తొలగింపవలసివచ్చినది.

గతసంవత్సరము మాఘమాసమున ఆమె పాదములు వాచినవి. ఉదయమునకు తగ్గి, సాయంకాలమునకు మరల పొంగెడివి. వాతమనుకొని కాపడము పెట్టితిని. రాత్రులందు ఒక దిండు చాలక రెండు, పిదప మూడు వేసికొనసాగెను. "చలికాలపు ఆయాసమేనమ్మా" యని నవ్వెడిది, నేను నమ్మితిని. ఒకనాటి అర్ధరాత్రమున ఊపిరాడక లేచి కిటికీ కమ్ములు పట్టుకొనినప్పుడు గాని నాకు కనువిప్పు కలుగలేదు.

విజయవాడలో వైద్యులు ఎకో పరీక్ష చేసి, గుండె బలహీనమై పెద్దదైనదనియు, ఎడమవైపు గదుల నడుమనున్న కవాటము కారుచున్నదనియు చెప్పిరి. "పాడైన కవాటమును మార్చరాదా?" అని యడిగితిని. "రెక్కలు బాగుగనే యున్నవమ్మా. గుండె సాగినందున వాని చుట్టునున్న చట్రము విచ్చినది, రెక్కలు ఒకదానినొకటి అందుకొనలేకున్నవి" అనిరి. నాకు మా పాత సావిడి తలుపు జ్ఞప్తికి వచ్చినది. గోడ క్రుంగి ద్వారబంధము విచ్చగా, మంచి టేకు రెక్కలైనను నడుమ సందు మిగిలినది.

గుండె ముడుచుకొనునప్పుడెల్ల, శరీరమునకు పోవలసిన రక్తములో కొంత ఆ సందుగుండ వెనుకకు మరలి ఊపిరితిత్తులపై ఒత్తిడి కలిగించును. అందువలననే పరుండినచో ఆయాసము. మరలివచ్చిన రక్తముతో గుండె మరింత సాగును. సాగినకొలది సందు పెరుగును. తగిన మందులు అధికమైన నీటిని తీసి, గుండె భారమును తగ్గించును. కొందరిలో కవాటము కారుటయు తగ్గును. మందులు చాలని కొందరికి, తొడలోని సిరగుండ సన్నని గొట్టమును పంపి, రెండు రెక్కలను నడుమ క్లిప్పుతో కలుపుదురు. 2018లో వెలువడిన ఒక పరిశోధనలో, అమెరికా, కెనడాలలోని 614 మంది రోగులను పరిశీలింపగా, రెండేండ్లలో క్లిప్పు పెట్టినవారిలో నూటికి 29 మంది, మందులు మాత్రమే వాడినవారిలో నూటికి 46 మంది మరణించిరి. అదే సంవత్సరపు ఫ్రాన్సు పరిశోధనలో మాత్రము అట్టి లాభము కానరాలేదు. కావున అది ఎవరికి తగునో వైద్యులే నిర్ణయింపవలెను. మా అత్తగారికి ముందు మందులే చాలుననిరి.

తక్కిన వైద్యము నా వంటింటిది. ఉప్పు శరీరమున నీటిని నిలుపును. ప్రతి ఉదయము ఏమియు తినకముందే బరువు చూచి వ్రాయవలెననియు, మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో వెంటనే తెలుపవలెననియు చెప్పిరి. ఒక వారము అట్లే పెరిగినది. వైద్యులకు తెలిపి మందు సరిచేయించితిని. పిదప వెదకగా, ఆమె మంచము క్రింద ఆవకాయ గిన్నె దొరికినది. "ఉప్పులేని కూడు తిని బ్రతుకుటెందుకే?" అని ఆమె కన్నీరు పెట్టుకొనెను. కోపింప నోరు రాక నేనును ఏడ్చితిని.

నాటినుండి ఆమెకు ఉప్పు వేయని మామిడికాయపప్పు, ఇంగువ పోపుతో వేరుగ వండుచున్నాను. ఈ వేసవిని ఆమె పీటపై కూర్చుండి, ఆవపిండి పాళ్లు చెప్పుచుండగా నేను కలిపితిని. రుచి చూచుట మాత్రము నా వంతు. ఇప్పుడామెకు ఒక్క దిండే చాలుచున్నది.

అమ్మలారా, మీ యింటి పెద్దలు ఆయాసమును దాచుదురు, దిండ్లు దాచలేవు. రాత్రి ఒకసారి లెక్కింపుడు.