బ్యాంకాక్‌లో బోణీ బేరం

బ్యాంకాక్ నుంచి ఎల్‌బీనగర్‌లోని వదినకు వచ్చిన మొదటి ఉత్తరంలో బుద్ధుడికి దక్కింది ఒక్క వాక్యమే: “వాట్ ఫోలో 46 మీటర్ల స్వామి హాయిగా పడుకున్నాడు, నిద్ర కరువైంది నాకే.” మిగతాదంతా టుక్‌టుక్ గొడవ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే ఈ రిటైర్డ్ టీచరమ్మ కొడుకూ కోడలితో కలిసి వెళ్లింది. రాత్రిళ్లు కాళ్లు చాపుకుని నోటుపుస్తకంలో రాస్తుంది. పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపే పని కోడలిది.

గుడి ఇవాళ మూశారని చెప్పి, చవగ్గా ఊరు చూపిస్తానని ఎక్కించుకుని, నగల కొట్టు ముందు దింపడం అక్కడి టుక్‌టుక్‌వాళ్లలో కొందరికి పాత అలవాటు. గుడి మాత్రం తెరిచే ఉంటుంది. “నాలుగు చీవాట్లు పెడదామంటే వాడికి తెలుగు రాదాయె. 2018లో మనవైపు మెట్రో వచ్చాక ఆటోవాళ్లతో పోట్లాటే మరిచిపోయాను వదినా!”

రెండో ఉత్తరం చతుచక్ సంత గురించి. 1982లో సనామ్ లువాంగ్ మైదానం నుంచి ఇక్కడికి మారిన ఈ వారాంతపు సంతలో వేలకొద్దీ కొట్లు. ఎండకు ఆమె తల పగిలిపోతోంది. పైగా ఏ కూరలో చూసినా చేపల సాసు, పెరుగన్నం మీదికి మనసు పోతోంది. అయినా బేరం మానలేదు.

మానలేదు గానీ, సాగలేదు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీదయితే “ఆఖరు మాట చెప్పు” అనాలి, “గిట్టదమ్మా” అనిపించుకోవాలి, పదడుగులు నడవాలి, వెనక్కి పిలిపించుకోవాలి. చతుచక్‌లో అమ్మాయి నవ్వుతూ కాలిక్యులేటర్ చేతికిచ్చింది. ఈమె సగం అంకె నొక్కింది. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపి, చెరిపి, తన అంకె నొక్కింది. అలిగి పదడుగులు నడిస్తే ఎవరూ పిలవలేదు!

తర్వాత కోడలు చెప్పింది కిటుకు: మూడు కొంటే హోల్‌సేల్ ధర. ఒక్కదానికి ఎంత వాదించినా అంతే. టీచరమ్మకు ఇది బాగా పట్టింది. సరూర్‌నగర్ రైతుబజారులో బోర్డు మీది ధరతో ఎవరూ వాదించరు. బంగారం కొట్లో ఆ రోజు రేటు జోలికి పోరు, యుద్ధమంతా తరుగు, మజూరీ దగ్గరే. “ఎక్కడ వంగుతుందో ఊళ్లోవాళ్లకే తెలుస్తుంది వదినా, మనం వంగని చోట పట్టుకు లాగుతాం” అని రాసి, ఏనుగు బొమ్మల ప్యాంట్లు మూడు కొన్నానని ఒప్పుకుంది. ఒకటి తనకట, ఒకటి కొడుక్కట. మూడోది ఎవరికో రాయలేదు.

మూడో ఉత్తరం నాటికి వాన, కడుపులో తిప్పడం. పొద్దున్నే హోటల్ సందులో కొట్టు తీస్తున్న ముసలావిడ దగ్గర ఓ గొడుగు కొంది. ఆవిడ అడక్కుండానే ఇరవై బాత్‌లు తగ్గించి, పుచ్చుకున్న నోట్లతో కొట్లోని సరుకంతా తట్టింది. తొలి బేరం సొమ్ముతో అలా తట్టడం థాయ్ వ్యాపారుల ఆనవాయితీ. మన కూరగాయలామె బోణీ డబ్బులు కళ్లకద్దుకున్నట్టే. టీచరమ్మ ఉబ్బిపోయింది: తగ్గించింది తన చెయ్యి మంచిదని గుర్తుపట్టేనట! వానకు గొడుగు ధర పెంచాల్సిందిపోయి తగ్గించిందేమిటని కొడుకు ఆరా తీస్తే, గొడుగుకు ఓ కమ్మీ విరిగి ఉంది.

చివర్న తాజాకలం: “మూడో ప్యాంటు అన్నయ్యకే. నాడా ఉంది, కొలతలక్కర్లేదు. వేసుకోనంటే సంక్రాంతికి ఆయన పిండివంటలు కట్.”