గడ్డితో కట్టిన గోడ

మా ఎడిటర్ అడిగింది సెయింట్ ఆండ్రూస్ మీద ఓ రంగుల కథనం. గోల్ఫ్ పుట్టిల్లు, స్విల్కన్ వాగు మీది రాతి వంతెన, పాత ఛాంపియన్ల ముచ్చట్లు. 2027లో ఓపెన్ టోర్నమెంటు మళ్లీ ఇక్కడే కాబట్టి ఇప్పటినుంచే సరుకు సిద్ధం చేసుకోవాలట. డండీలో చదువుకుంటున్న మా మేనల్లుడు నన్ను బస్సులో తీసుకొచ్చాడు. మార్చి చివర. ఉత్తర సముద్రం మీంచి వచ్చే తూర్పుగాలికి చెవులు మొద్దుబారిపోతున్నాయి. వంతెన మీద నిలబడి ఫొటో తీయించుకోవడానికి జనం వరసకట్టారు. నేను అంతదూరం పోలేదు. దారి పక్క బంకర్‌లో ఇద్దరు మోకాళ్ల మీద కూర్చుని గోడ కడుతుంటే అక్కడే ఆగిపోయాను.

బంకర్ అంటే ఇసక గుంట అనుకుంటాం. ఇక్కడి బంకర్‌లో ఇసక కంటే గోడే ముఖ్యం. ఆటగాడి వైపు నిటారుగా లేచిన ఆ గోడలో రాయి లేదు, సిమెంటు లేదు. అంతా గడ్డే. నేలను వేళ్లతో సహా పట్టీలుగా కోసుకొచ్చి, ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టు పేరుస్తారు. అతుకు మీద అతుకు రాకూడదు. ప్రతి వరసా కింది వరస కన్నా వేలెడు వెనక్కి జరగాలి. వెనక మట్టి కూరి దిమ్మిసతో అదమాలి. పైకొచ్చేసరికి చివరి పట్టీ ఒక్కటే బతికి ఉండి చిగురిస్తుంది. లోపలివన్నీ కుళ్లి, నొక్కుకుపోయి గట్టిపడతాయి.

పెద్దాయనకు అరవై దగ్గర పడి ఉంటాయి. చేతి తొడుగులు పక్కన పడేశాడు. పట్టీని పెట్టాక అరచేయి ఆనించి గోడ వాలు చూసుకుంటున్నాడు. నచ్చకపోతే తీసి, అంచును కత్తితో ఇంత చెక్కి మళ్లీ పెడుతున్నాడు. మా ఊళ్లో తొలకరికి వరిచేల గట్లు చెక్కి బురద మెత్తే మనుషుల చేతులకు కూడా ఇదే తీరు ఉండేది, కొలబద్ద ఎక్కడా కనబడదు. కుర్రవాడు పట్టీలు అందిస్తున్నాడు, అప్పుడప్పుడూ ఫోన్ చూసుకుంటున్నాడు.

“ఇది ఎన్నాళ్లుంటుంది?” అని అడిగాను.

“నాలుగేళ్లు నిలిస్తే గొప్పే. దక్షిణం వైపు తిరిగినదైతే ఎండకి పగిలి ఇంకా ముందే పోతుంది.”

ఓల్డ్ కోర్సు అనే ఈ మైదానంలో ఇలాంటి బంకర్లు 112. అంటే ఈ పనికి ముగింపంటూ లేదు. ఆట తగ్గే చలికాలమంతా విప్పడం, కట్టడం. వసంతంలో వాన మొహం చాటేసి తూర్పుగాలి పట్టిందంటే, కొత్త గోడలు బీటలివ్వకుండా పైపు పట్టుకుని తడుపుతూ తిరగడం. 1978లో ఇక్కడ జరిగిన ఓపెన్‌లో పదిహేడో హోల్ దగ్గర నకజిమా అనే ఆటగాడి బంతి ఇలాంటి గోడ కింద పడింది. పైకి తీయడానికి నాలుగు దెబ్బలు పట్టి, ఆ ఒక్క హోల్‌కే తొమ్మిది అయ్యాయి. 1995లో మరో ఆటగాడు నిక్లాస్‌కి ‘హెల్’ అనే బంకర్ చూపించింది ఇంకా ఎక్కువ, ఆ హోల్‌కి పది. ఈ కథలు గోల్ఫ్ అభిమానులకి కంఠతా వచ్చు. ఆ గోడలు కట్టిందెవరో అడగండి, ఒక్కరూ చెప్పలేరు.

నేను నిలబడి ఉండగానే ఓ పర్యాటకుడు పక్కవాడితో విసుక్కుంటూ పోయాడు: ఇంత డబ్బు పోసి వస్తే గడ్డి గోధుమరంగులో ఉందేమిటని. పెద్దాయన తలెత్తలేదు. అతను దూరమయ్యాక మాత్రం నోరు విప్పాడు. పచ్చగా చేయడం చిటికెలో పనట. నీళ్లు పోసి నత్రజని చల్లితే చాలు. కానీ నేల ఇంకా చల్లగా ఉన్న ఈ రోజుల్లో ఆ ఎరువు అందుకునేది పోవా అనే కలుపుగడ్డి. అది ముందు మేలుకుని, వేసవి రాకుండానే తెల్లగా పూతకొచ్చి, హోల్ చుట్టూ నున్నగా ఉంచే గ్రీన్‌ని గరుకు చేస్తుంది. ఇక్కడి ఇసకనేలకు సరిపడ్డ సన్నటి ఫెస్క్యూ గడ్డికి నేల వెచ్చబడాలి, ఆలస్యంగా లేస్తుంది. అప్పటిదాకా కాచుకుని కూర్చోవడమే ఇక్కడి వసంతకాలపు సేద్యంలో సగం.

నాకు కోపమొచ్చింది, ఆ పర్యాటకుడి మీద కాదు. టీవీ తెరమీద తివాచీలా కనబడే మైదానాలనే ఆట అనుకునే అలవాటు మీద. హైదరాబాద్ గోల్ఫ్ మైదానంలోనూ అదే చూశాను. రైతు చేలో నుంచి పీకి గట్టున పారేసే గరిక జాతినే తెచ్చి నాటి, ఎండాకాలంలో దాన్ని పచ్చగా నిలబెట్టడానికి నీళ్ల కోసం తంటాలు. ఆ నీళ్లు పెట్టే మాలీ పేరు క్లబ్బు బోర్డు మీద ఎప్పుడైనా చూశామా?

ఈ ఊళ్లో ఒకప్పుడు అలా కాదు. ఓల్డ్ టామ్ మోరిస్ నాలుగుసార్లు ఓపెన్ గెలిచినవాడు. 1860ల నడుమ నుంచి 1903 దాకా ఈ నేలను సాకే ఉద్యోగం కూడా ఆయనదే. గడ్డి మీద ఇసక చల్లి బలపరచడం, హోళ్లు మార్చడం, బంకర్లు చక్కదిద్దడం అన్నీ చేశాడు. నేలకూ ఒకరోజు విశ్రాంతి కావాలని పట్టుబట్టినవాడిగా చెప్పుకుంటారు. ఆదివారాల్లో ఇప్పటికీ ఓల్డ్ కోర్సులో మామూలుగా ఆట ఉండదు, ఊరివాళ్లు కుక్కల్ని తిప్పుకుంటారు. ఆడేవాడూ సాకేవాడూ వేర్వేరు మనుషులయ్యాక సాకేవాడు కనబడకుండా పోయాడు.

ఇప్పుడు కృత్రిమ గడ్డి పట్టీలతో గోడలు కడుతున్న మైదానాలు పెరుగుతున్నాయి. ఏళ్ల తరబడి కూలవు, తడపక్కర్లేదు, ఖర్చు కలిసొస్తుంది. లెక్క నాకూ అర్థమవుతుంది. కానీ ఈ విద్య బతికుందే గోడ కూలుతుంది కాబట్టి. నాలుగేళ్లకోసారి కూలితేనే కుర్రవాడు పెద్దాయన పక్కన కూర్చుని వాలు చూడ్డం నేర్చుకుంటాడు. ఇరవై ఏళ్లు నిలిచే గోడ పక్కన కూర్చుని ఏం నేర్చుకోవాలి?

ఇదంతా మేనల్లుడితో అంటే, “మామయ్యా, ఆ చలిలో మోకాళ్ల మీద కూర్చునేది నువ్వు కాదుగా” అన్నాడు. నిజమే. అందుకే కుర్రవాణ్నే కదిపాను. వచ్చే ఏడు దుబాయ్‌లో ఓ మైదానానికి పోతాడట. జీతం ఎక్కువ, పైగా అక్కడి బంకర్లకి గోడలుండవు. పెద్దాయన అప్పుడే ఆరో వరస మొదలుపెడుతూ, పట్టీ అందించమని వాణ్ని కేకేశాడు.