కొవ్వూరు కంద నిద్ర

రాజమహేంద్రవరానికి ఎదురుగా, గోదావరి పడమటి ఒడ్డున ఉన్నది కొవ్వూరు. దేశంలో పలుచోట్ల సాగవుతున్న ‘గజేంద్ర’ కంద ఈ ప్రాంతపు దుంపల నుండి ఎంపిక చేసినదే. ‘కందకు లేని దురద’ అన్న సామెత దానికి అక్షరాలా చెల్లుతుంది.

చలికాలానికి గొడుగు వంటి దాని ఆకు పండి వాలిపోతుంది. ఆపై దుంపకు రెండు మూడు నెలల నిద్ర. ఎంత నీరు పెట్టినా మేలుకొనదు. రైతుకు సంకటం అప్పుడే. అమ్మితే రొక్కం, దాచితే కుళ్లు భయం. అయినా దాచక తప్పదు: మూడడుగుల ఎడాన అరకిలో ముక్కలు నాటితే ఎకరానికి సుమారు 24 క్వింటాళ్ల విత్తనం కావాలి! దెబ్బ తగలని దుంపలనే ఏరి, గాలి ఆడే నీడన పరుస్తారు.

వేసవిలో దుంప నడినెత్తిన మొలక తలయెత్తుతుంది. ప్రతి ముక్కకూ అందులో కొంత దక్కునట్లు కోసి, పేడనీట ముంచి, ఆరబెట్టి నాటుతారు. మొలక దక్కని ముక్క చాలా ఆలస్యంగా గాని కన్ను తెరవదు.