కట్ట మీద మనిషికి ఏడాది గడువు

మార్చి వచ్చిందంటే ఇరిగేషన్ ఆఫీసుల్లో ఒక ఫైలు బీరువాలోంచి బయటికొస్తుంది. కాల్వ కట్టలు, తూములు చూసుకునే అవుట్‌సోర్సింగ్ లష్కర్ల కొనసాగింపు ఫైలు. వాళ్ల గడువు మార్చి 31తో సరి. మరో ఏడాది ఉంచుకోవాలంటే, ఎందుకు ఉంచుకోవాలో పైకి రాయాలి.

ఆ రాతపని కొన్నేళ్లు నేనూ చేశాను. నిరుటి నోట్ తీసి, తారీఖులు మార్చి, ‘సిబ్బంది కొరత దృష్ట్యా, పరిపాలనా సౌలభ్యం కొరకు’ అని పంపేవాళ్లం. ఫైలు ఆర్థిక శాఖ దాకా పోయి తిరిగొచ్చేసరికి ఒక్కోసారి రెండు మూడు నెలల జీతం ఆగేది. మనిషి మాత్రం కట్ట మీదే ఉండేవాడు.

ఒక యాసంగిలో మిర్యాలగూడ అవతల సాగర్ ఎడమ కాల్వ కట్ట మీద ఒక లష్కర్ వెంట నడిచాను. కట్ట అడుగున ఒకచోట చెమ్మ కనిపిస్తే వంగి, దోసిట్లోకి నీళ్లు పట్టి వెలుతురుకు చూపించాడు. “తేటగ ఉన్నయి సార్, భయం లేదు. ఎర్రగ వస్తే మాత్రం లోపల మట్టి కొట్టుకపోతున్నట్టే. అప్పుడు రాత్రయినా ఫోన్ చెయ్యాలె” అన్నాడు. కొంచెం ముందుకెళ్లాక ఎండ్రకాయ బొక్క కనిపించింది. కాలితో మట్టి తోసి, మడమతో గట్టిగా తొక్కాడు. ఏ తూము షట్టర్ మొరాయిస్తుందో, ఏ మలుపులో గుర్రపుడెక్క పేరుకుంటుందో, చివరి భూములకు నీళ్లు చేరడానికి ఎన్ని గంటలు పడుతుందో ఆయనకు నోటికొచ్చు. ఇవేవీ మా నోట్‌లో ఎన్నడూ లేవు.

కొనసాగింపుకు అసలు కారణం ఆ అనుభవమే. ఖాళీ పోస్టును చూపించి మనిషిని అడిగితే, ‘ఇంకొకర్ని పెట్టుకోండి’ అనడం పైవాళ్లకు సులువు. ఆ ఇంకొకరు ఆ కట్టను తెలుసుకోవడానికి ఎన్ని తడులు పడుతుందో రాసి ఉంటే, అంత సులువుగా అనలేరు. గడువు ముగిసే తారీఖునే చూడండి. నీళ్లున్న ఏడాది, మార్చి 31 నాటికి యాసంగి వరి పాలు పోసుకుంటూనో, గింజ గట్టిపడుతూనో ఉంటుంది. చివరి తడులు తప్పితే తాలు మిగులుతుంది. సరిగ్గా అప్పుడే నీళ్లు చూసే మనిషి కాగితం మీద లేకుండా పోతాడు.

1967లో నీళ్లు వదిలిన కాల్వ ఈ సాగర్ ఎడమ కాల్వ. 2024 సెప్టెంబరు 1న, కోదాడ వీధుల్లో కార్లు కొట్టుకుపోయిన రోజునే, నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర దీనికి గండి పడింది. ఆ వానను ఒక లష్కర్ ఆపగలిగేవాడని నేననను. అంత నీళ్లు మోసే కట్టకు ఏడాది పొడవునా కళ్లు కావాలని మాత్రం అంటాను. సూర్యాపేట వైపు శ్రీరాంసాగర్ రెండో దశ కాల్వల చివరి ఆయకట్టు రైతును అడిగినా ఇదే మాట చెబుతాడు.

అదే ఏడాది డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చే పని, తోటపని చేసి, 2018లో ఒక్కసారిగా తొలగింపునకు గురైనవాళ్ల కేసది. ఎప్పుడూ ఉండే పనికి తాత్కాలికమనే పేరు పెట్టి మనిషిని అలాగే నిలబెట్టడం తగదని, వాళ్లను క్రమబద్ధం చేయమని ఆదేశించింది. నా మనసులోనూ అదే ఉంది. కాల్వ ఉన్నన్నాళ్లూ ఉండే పనికి ఏటా అనుమతి అడగడమే తప్పు. ఆ తప్పు సరిదిద్దేదాకా, అడిగేదైనా సరిగ్గా అడగాలి.

ఈసారి ఆ నోట్ రాయబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మనవి. జనవరిలోనే ఒక పొద్దున లష్కర్ వెంట కట్ట మీద నడవండి. ఆయన పూడ్చిన బొక్కలు, సరిచేసిన షట్టర్లు, నీళ్లు చేర్చిన ఎకరాలు లెక్కరాసి నోట్‌లో పెట్టండి. ఫైలు ఫిబ్రవరిలోనే కదిలించండి. ఏప్రిల్ జీతం ఏప్రిల్లోనే పడాలి.