ఎర్ర గీత ఉన్న మాత్ర

పొద్దున్నే చర్ల నుంచి మా చిన్నమ్మ ఫోన్. మూత్రంలో మంటని షాపులో మాత్రలు కొనుక్కుని, మంట తగ్గగానే మానేసిందట. ఇప్పుడు నడుం నొప్పి, చలిజ్వరం. "ఇంక మాత్రలు వద్దు, ముందు భద్రాచలం ఆసుపత్రికి పో" అన్నాను.

మాత్రల అట్ట మీద ఎర్ర గీత ఉంటే డాక్టర్ రాయందే వేసుకోకూడదు. రాసినన్ని రోజులూ మానకూడదు. ఈ మంటకి తరచూ రాసే నైట్రోఫ్యురాంటాయిన్ అన్నంతో పాటు వేసుకోవాలి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్ళకి మాత్రం అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. మలేరియాకిచ్చే ప్రైమాక్విన్‌తోనూ అదే ప్రమాదం. మన ఏజెన్సీ గూడేల్లో ఈ లోపం ఉన్నవాళ్ళున్నారు.

మాత్ర పడ్డాక కళ్ళు పచ్చబడి, ఆయాసమొచ్చి, మూత్రం డికాషన్‌లా నల్లబడితే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. గర్భిణులైతే ముందే చెప్పండి. సిగ్గుపడి దాచుకోకండమ్మా.